పదో గవాచి

2003 జూన్ 4. బుధవారం. ఉదయం 8.10.

చిలకల మేడ ముందు మోపెడ్ నిలబడి ఉంది. తాళం చెవి దానికే వేలాడుతోంది. సీటు మీద రాత్రి గాలికి ఎగిరొచ్చిన దుమ్ము పేరుకుంది.

మనిషి లేదు.

ఎస్సై జయరాముడు జీపు దిగి మోపెడ్‌ను చూశాడు. మేడను చూశాడు. గడప పక్కన అరుగు మీద కూర్చున్న మనిషిని చూశాడు. నూనె మరకల ఖాకీ చొక్కా. పలుగు పట్టి పట్టి బండబారిన అరచేతులు. గుంతకల్లు రైల్వేలో గ్యాంగ్‌మన్. పేరు యేసన్న.

"నీ కూతురేనా?"

"అవును సార్. సరళ. ఇరవై నాలుగేండ్లు. పాత ఇండ్లు కొలిచి పటాలు గీసే సర్కారు పని. మూడు దినాల్నుంచి ఈ ఇల్లే కొలుస్తాండాది."

"ఇంటికి రాలేదని ఎప్పుడు తెలిసింది?"

"మాపటేళ ఏడింటికి వచ్చేస్తాది యాపొద్దూ. రాలే. బస్సు లేదు. తెల్లారేసరికి గూడ్సు ఎక్కి, లారీ పట్టుకోని వచ్చినా."

"ఎవరి మీదైనా అనుమానమా?"

యేసన్న తల ఎత్తి మేడ వైపు చూశాడు.

"నాకు ఎవురి మీదా అనుమానం లేదు సార్. నా బిడ్డ ప్రాణంతో ఉండల్ల. అంతే."

గుండ్లహాళు కణేకల్ మండలంలో ఆఖరి ఊరు. నాలుగు పొలాలు దాటితే కర్ణాటక. కాలువ నీళ్లు ఇక్కడికి రావు. మూడేళ్లుగా వానా రాలేదు.

ఈ మేడ సంగతి చెప్పకుండా కథ నడవదు. పేరుకు మేడ. ఉన్నది ఒకటే అంతస్తు. కానీ గోడలు పదహారు అడుగుల ఎత్తు, మూడడుగుల మందం. ధాత కరువులో కట్టారు. అంటే 1877. జనం దారి పొడుగునా పడి చస్తున్న ఏడాది. ధాన్యం వ్యాపారం చేసే సాహుకారు ఒకడు ఆ జనాన్నే పనికి పెట్టుకున్నాడు. కూలి రోజుకు ఒక ముంత అంబలి. దండేలి అడవి టేకుతో అరవై నాలుగు స్తంభాలు. ఒక స్తంభం మీద చెక్కిన పువ్వు ఇంకో స్తంభం మీద లేదు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నెలల తరబడి నూరిన గచ్చు. అద్దంలా మెరిసే గోడలు. కిటికీల నెత్తిన రంగుటద్దాలు. పిట్టగోడ చుట్టూ గచ్చుతో చేసిన చిలకలు, ప్రతి చిలక ముక్కునా ఒక జామకాయ.

ఆ జామకాయలు చేసినవాళ్ల కడుపులో అంబలి తప్ప ఏమీ లేదు. పటాల పుస్తకాల్లో ఈ ముక్క రాయరు.

ఊరు మాత్రం మరిచిపోలేదు. మిట్టమధ్యాహ్నం ఆ చచ్చినవాళ్లు మేడలో తిరుగుతారని, అంబలి అడుగుతారని ఊరంతా నమ్ముతుంది. పన్నెండు దాటితే ఆ వీధిలో మనిషి నడవడు.

8.30కి సోదా మొదలైంది. జయరాముడు, కానిస్టేబుల్ తిప్పేష్, ఇంకో ఇద్దరు. తూర్పు గదులు ఎస్సై చూశాడు. పడమటి గదులు తిప్పేష్ చూశాడు. మొత్తం తొమ్మిది గదులు, నడుమ స్తంభాల హాలు, ఒక ఎండిన బావి. బావిలోకి టార్చి వేశారు. అడుగున పగిలిన కుండ పెంకులు. కిటికీలకు ఇనుప కమ్మీలు. వెనక తలుపు ఎప్పుడో ఇటుకలతో మూసేశారు.

లోపల చల్లగా ఉంది. బయట నిప్పులు. ఆ చల్లదనమే భయం పుట్టించింది. రంగుటద్దాల్లోంచి ఎర్రటి వెలుగు నేల మీద పడి రక్తంలా పరుచుకుంది. ఒక కానిస్టేబుల్ దాన్ని తొక్కకుండా పక్కనుంచి పోయాడు.

9.40కి మెట్లెక్కి మిద్దె చూశారు. గదుల్లోకి వెలుగు దిగడానికి పైన వదిలిన కంతలు ఉన్నాయి. వాటిని గవాచీలు అంటారు. ప్రతి గవాచికీ ఇనుప జాలీ బిగించి ఉంది. పిల్లి కూడా దూరదు. చవుడు, ఎండ, చిలకలు. అంతే.

పైనుంచి చూస్తే ఊరి మిద్దెలన్నీ బూడిద రంగులో కనిపించాయి. మృగశిర కార్తెకు ఇంకా నాలుగు రోజులుంది. వానకు ముందు మిద్దెల మీద కొత్త చవుడు పోయడం ఈ సీమలో ప్రతి ఇంటి పని. చవుడంటే ఉప్పుమట్టి. నీటి చుక్కను కిందికి దిగనివ్వదు. వాన రాకపోయినా పోస్తారు. పోయకపోతే వానను రావద్దన్నట్టే అని భయం.

10.05కి ఉత్త చేతులతో దిగారు.

అరుగు మీద కుర్చీ వేయించుకున్నాడు జయరాముడు. ముందు వాచ్‌మన్ కుళ్లాయప్పను పిలిచాడు. అరవై ఏళ్ల మనిషి. 

"ఆ పిల్ల లోపలికి ఎప్పుడు పోయింది?"

"నిన్న మధ్యాన్నం రెండున్నరకు సార్."

"నువ్వు యాడుంటివి?"

"ఈడే. ఈ అరుగు మీదనే."

"మేలుకోనే ఉంటివా?"

కుళ్లాయప్ప తలపాగా సర్దుకున్నాడు.

"అడిగేది నిన్నే."

"నిద్ర పట్టె సార్. మూడున్నరకు. శశికుమార్ సారు వచ్చి తట్టి లేపె. అప్పుడు ఐదుకు పది నిమిషాలు తక్కువ."

"టైం అంత కరెక్టుగా నీకెట్ల తెలుసు? నీకు వాచీ లేదే?"

"సారే తన వాచీ సూపిచ్చె. ఇదేనా నీ కాపలా, ఐదవుతాండాది అని తిట్టె. మేడమ్ యాడ అనె. లోపల ఉండాదంటి. పిలిస్తే పలకలే. టీ అంగడి కాడ చూసి రాపో అనె. పోతి. ఆడ లేదు. బస్టాండు దాకా పోతి. ఆడా లేదు. తిరిగి వచ్చేసరికి ఆరు. సారు కార్లో కూచోని ఉండె."

"ఆయన లోపలికి పోయినాడా?"

"నా కండ్లతో చూసినంతసేపూ గడప దాటలే సార్."

అంతలో తిప్పేష్ ఒక పాత సంచి పట్టుకొచ్చాడు. కుళ్లాయప్పదే. అందులోంచి ఆకుపచ్చ ప్లాస్టిక్ నీళ్ల సీసా తీశాడు. దానికి ఊలుదారంతో అల్లిన తొడుగు ఉంది.

యేసన్న అరుగు మీంచి లేచాడు.

"అది నా బిడ్డది. వాళ్లమ్మ అల్లింది."

జనం ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు. "వీడే! ముసిలోడే! కట్టేసి నాలుగు తన్నండప్పా!" ఎవరో చెప్పు విసిరారు. అది కుళ్లాయప్ప భుజానికి తగిలింది.

జయరాముడు లాఠీతో కుర్చీని ఒక్క దెబ్బ కొట్టాడు. చప్పుడుకు అందరూ ఆగారు.

"చెప్పు. నీకాడికి ఎట్లొచ్చె?"

"గడప కాడ పెట్టి లోపలికి పోయింది సార్. నాకు దప్పికాయె. తాగితి. సీసా బాగుందని..." కుళ్లాయప్ప ఏడుపు మొదలుపెట్టాడు. "నీళ్లు తాగినా గాని ఆ పాపను ఏమీ చేయలే. మా అమ్మ తోడు."

యేసన్న సీసాను చేతిలోకి తీసుకున్నాడు. తలకిందులుగా వంచాడు. చుక్క రాలేదు.

"అంటే నిన్న రెండున్నర నుంచి ఆ పిల్ల కాడ నీళ్లు లేవు" అన్నాడు నెమ్మదిగా.

అప్పటిదాకా అది ఎవరికీ తట్టలేదు. జయరాముడు జీపు దగ్గరికి పరుగెత్తాడు. జీపులోని వైర్‌లెస్ సెట్‌లో స్టేషన్‌ను పట్టుకుని, కణేకల్ డాక్టరును అడిగించాడు. జవాబు 11.10కి వచ్చింది.

"బయట 43 డిగ్రీలు. నీడలో కదలకుండా ఉంటే సాయంత్రం దాకా ఆశ ఉంటుంది. దెబ్బ తగిలి ఉంటే అంతసేపు కూడా లేదు."

11.20. శశికుమార్.

మేడ కట్టిన సాహుకారుకు ముని మనవడు. బళ్లారిలో ఉంటాడు. తెల్ల చొక్కా, చేతికి బంగారు గొలుసు, మాట మెత్తన.

"మా ముత్తాత కట్టించిన ఇల్లండీ. ఇందులో ఇట్లా జరిగితే నాకు బాధ ఉండదా?"

"నిన్న ఈడికి ఎందుకొచ్చినారు?"

"మేడమ్‌ను పలకరిద్దామని. ఐదుకు పది నిమిషాల ముందు వచ్చాను. ఈ ముసలాడు నిద్రపోతున్నాడు. అసలు లోపలికే పోలేదు నేను."

"ఆమె రిపోర్టు రాస్తే ఏమవుతాది?"

"ఏమవుతుంది? మేడను కాపాడతారు. మాకూ గౌరవమే."

"ఇల్లు అమ్ముతాండారా?"

"ఛ. అట్లాంటి ఆలోచనే లేదు." శశికుమార్ గొంతు తగ్గించాడు. "ఎస్సైగారూ, టైం వేస్ట్ అవుతోంది. సీసా దొరికింది. ముసలాణ్ణి స్టేషన్‌కు తీసుకుపోండి. నాలుగు తగిలిస్తే ఎక్కడ పూడ్చాడో చెప్తాడు."

"పూడ్చినాడని మీకెట్ల తెలుసు?"

"మాట వరసకు అన్నానండీ."

యేసన్న ఈ మాటలన్నీ విన్నాడు.  ఖాళీ సీసాను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పూడ్చడం అనే మాట దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నాడు.

11.50కి జనం పలచబడ్డారు. ఎవరూ ఎవరితో చెప్పలేదు. ఆడవాళ్లు ముందు లేచారు, తర్వాత మగవాళ్లు. పన్నెండుకు వీధిలో కుక్క కూడా లేదు. తలుపులు మూసుకున్న చప్పుళ్లు ఒకదాని వెనక ఒకటి వినిపించాయి. పట్టపగలు ఊరు ఇట్లా నోరు మూసుకోవడం జయరాముడు ఎప్పుడూ చూడలేదు. ఆయన పుట్టింది పామిడిలో. దయ్యాలను నమ్మడు. అయినా మేడ వైపు వీపు పెట్టి కూర్చోబుద్ధి కాలేదు. కుర్చీ తిప్పుకున్నాడు.

12.15కి వడ్రంగి ఓబుళేసు వచ్చాడు. ఒళ్లంతా బూడిద రంగు దుమ్ము.

"పొద్దన్నే రమ్మంటే ఇప్పుడా వచ్చేది?"

"ఏం చేసేది సార్. మా మిద్దె మీద చవుడు పోయల్ల. ఊర్లో చవుడు ఎత్తేది ఆంజినమ్మ ఒగతే. ఆయమ్మకు గాడిదలుండాయి. నిన్న మాపటి నుంచి జొరమంట. దుప్పటి కప్పుకోని వణుకుతాండాది. ఆ గంప నా నెత్తిన పడె. నా పెండ్లాం కింద నిలబడి నవ్వుతాండాది."

"నిన్న యాడుంటివి?"

"రంపం సాన పట్టిచ్చేదానికి కణేకల్ పోయింటి. అడగండి, అంగడాయన చెప్తాడు. నా పలుగు, సుత్తి అన్నీ ఈ మేడలోనే పడుండాయి."

"నీ సామాను ఈడెందుకు?"

"సోమవారం నుంచి పని గదా సార్. స్తంభాలు పీకల్ల. బెంగుళూరులో హోటలు కడతాండారంట. అరవై నాలుగూ ఆడికే పోతాయి. తలుపులు, రంగుటద్దాలు కూడా. మిగిలింది జేసీబీతో తోసేస్తారంట."

జయరాముడు శశికుమార్ వైపు చూడలేదు. చూస్తే పని చెడుతుందని తెలుసు.

"చవుడు పోసేది అంత కష్టమా?" అన్నాడు ఊరికే మాట్లాడినట్టు.

"మీరు పోసి చూడండి, తెలుస్తాది."

"ఈ మేడకు ఎవరు పోసినారు?"

ఓబుళేసు నవ్వాడు. "మేడకా? వచ్చే వారం కూలగొట్టే కొంపకు చవుడేంటికి సార్? ఎవురన్నా పీనుగకు తలంటు పోస్తారా?"

జయరాముడు కుర్చీ తన్నుకుంటూ లేచాడు.

పొద్దున 9.40కి ఆ మిద్దె ఎక్కాడు. పడమటి మూలలో చాప పరిచినంత మేర కొత్త చవుడు ఉంది. కాళ్లతో తొక్కి, అంచులు నున్నగా సరిచేసి ఉంది. దాని మీద నడిచాడు కూడా. నలుగురు పోలీసులు నడిచారు. జూన్ నెలలో ఈ సీమలో మిద్దె మీద కొత్త చవుడు కనిపించకపోతే ఆగి చూస్తారు. కనిపిస్తే ఎవరు చూస్తారు?

మెట్లు రెండేసి ఎక్కాడు. వెనక తిప్పేష్, మిగతా ఇద్దరు కానిస్టేబుళ్లు, యేసన్న, ఓబుళేసు, కుళ్లాయప్ప. కాసేపటికి శశికుమార్ కూడా వచ్చాడు. ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

12.35.

మిగతా మిద్దె అంతా పాత చవుడు. నల్లబడి, పగుళ్లు తీసి, గడ్డి మొలిచి ఎండిపోయింది. పడమటి మూల ఒక్కటే బూడిద రంగులో ఉంది.

"తిప్పేష్, కిందికి పో. ఒక్కో గదిలో నిలబడి అరువు. గవాచిలోంచి నాకు వినపడల్ల."

తిప్పేష్ కాస్త తటపటాయించి దిగాడు. మొదటి గవాచిలోంచి గొంతు వచ్చింది. "సార్, ఒకటి!" రెండో దాంట్లోంచి, "రెండు!" అట్లా తొమ్మిది. పగటి వేళ నేల లోపలి నుంచి మనిషి గొంతు పైకి రావడం వింటుంటే ఓబుళేసు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"సార్, అయిపోయినాయి గదులు!"

కొత్త చవుడు కింద ఏ గొంతూ పలకలేదు.

"దీని కింద ఏముంది?" అని అడిగాడు జయరాముడు.

"గోడ మందం అండీ. ఏమీ లేదు" అన్నాడు శశికుమార్. "ఈ ముసలాడు ఎప్పుడో పోసుంటాడు."

"నేనా?" కుళ్లాయప్ప చేతులు జోడించాడు. "మూడేండ్లాయె సార్ దీనికి చవుడేసి. నా గుడిసెకే పోసుకోలే."

"ఓబుళేసూ, ఆంజినమ్మను పిలుచుకోని రా. జొరమున్నా సరే. జీపులో తీసుకురా."

ఓబుళేసు పరుగెత్తాడు. జయరాముడు మోకాళ్ల మీద కూర్చుని లాఠీతో చవుడు గీకడం మొదలుపెట్టాడు. కింద వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మిద్దెల మీదికి మనుషులు ఎక్కారు.

"తీయొద్దు సార్! ఆ మూల తీయొద్దు!" పక్క మిద్దె నుంచి ముసలావిడ ఒకతె అరిచింది. "ధాత కరువోళ్లను ఆడనే మూసినారంట! తీస్తే ఊర్లో ఒక్క పిల్లోడు మిగలడు!"

"తీయొద్దు!" అని ఇంకో పది గొంతులు.

కానిస్టేబుళ్లు ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.  ఎస్సై చేతులు మాత్రం ఆగలేదు.

"జనం సెంటిమెంటు అండీ" అన్నాడు శశికుమార్. "పైగా పాత మిద్దె. బండ కదిపితే కప్పు మొత్తం కూలుతుంది. బాధ్యత ఎవరిది?"

యేసన్న ఎవరి మాటా వినలేదు. కిందికి పోయి ఓబుళేసు పలుగు తెచ్చాడు. ఎస్సై పక్కన కూర్చుని రెండు చేతులతో చవుడు తోడేశాడు.

12.55. బండ కనిపించింది. రెండడుగుల చదరం. ఒక అంచున కొత్తగా పెచ్చు లేచిన గుర్తు.

జయరాముడు లాఠీతో బండ మీద మూడుసార్లు కొట్టాడు. కింద బోలు శబ్దం.

బండకు చెవి ఆనించాడు.

జవాబు రాలేదు.

అప్పుడే మెట్ల మీద దుప్పటి కప్పుకున్న మనిషి కనిపించింది. ఆంజినమ్మ. బక్క ప్రాణం. ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది. కళ్లు బండ మీద ఉన్నాయి.

"రామ్మా."

"నేను రాను సార్. కాళ్లు పట్టుకుంటా. ఆడికి రాను."

"ఈ చవుడు పోసింది నువ్వేనా?"

"నేనే."

"ఎప్పుడు?"

"నిన్న. మాపటేళ. ఐదు దాటింటాది."

"ఎన్ని గంపలు?"

"మూడు. మూడో గంప పోసి, అంచులు సరిజేసి, ఆఖరుకు తొక్కతాంటి..." ఆమె దుప్పటి బిగించుకుంది. "కింద నుంచి తట్టినారు సార్. నేను కాలేస్తే తట్టుతారు. కాలు తీస్తే ఊరకుంటారు. మళ్లీ కాలేస్తే మళ్లీ తట్టినారు. ధాత కరువోళ్లు అంబలికి లేసినారనుకుంటి. గంప ఎత్తుకోని ఉరికితి. అప్పట్నుంచి ఒంట్లో జొరం దిగలే."

యేసన్న ముందుకు జరిగాడు. పలుగు మొన బండ అంచు కిందికి దూర్చాడు.

"ఎవరు పోయమన్నారు?" అని అడిగాడు జయరాముడు.

ఆంజినమ్మ నేల చూసింది.

"ఏయ్" అన్నాడు శశికుమార్. మెత్తదనం పోయింది. "నోరు దగ్గర పెట్టుకుని మాట్లాడు. నీ గుడిసె ఎవరి స్థలంలో ఉందో గుర్తుందా?"

ఆంజినమ్మ అతన్ని చూసింది. బండను చూసింది. మోకాలి మీద కూర్చుని పలుగు మీద బరువు వేస్తున్న యేసన్నను చూసింది.

"కింద ఎవురుండారు సార్?"

"ఆయన కూతురు" అన్నాడు జయరాముడు.

ఆమె దుప్పటి జారిపోయింది.

"బతికిండే పిల్లనా నేను తొక్కింది?" వేలు ఎత్తి చూపించింది.  "ఆ సారే! మేడ కురుస్తాంది, ఒగ జాగాలో మూడు గంపలు పోసి పో అనె! ఎవురికీ చెప్పొద్దనె! దాంట్లో దాచేదేముంది అనుకుంటి. దుడ్లు కూడా ఇయ్యలే!"

"మూడేండ్లుగా వాన లేదు. మేడ యాడ కురిసె?" అన్నాడు జయరాముడు. లేచి శశికుమార్ ముందుకొచ్చాడు. "నేను చెప్తా విను. నాలుగింటికి ముసలాయన నిద్రలో ఉన్నప్పుడు లోపలికి వచ్చినావు. ఆ పిల్ల మిద్దె కొలుస్తాండాది. ఇది తలుపు లేని పదో గది, ఆ బండ దాని గవాచి. కరువులో మీ ముత్తాత ధాన్యం దాచిన కొట్టు అయ్యుండల్ల. కింద తలుపు పెడితే జనం పగలగొడతారని పైనుంచే పోసి పైనుంచే తోడిచ్చినాడు. ఆ పిల్ల దీన్ని కనిపెట్టింది. ఇద్దరూ కలిసి బండ లేపినారు. రిపోర్టు పోతే మేడ సర్కారు రక్షణలోకి పోతాది. స్తంభం కాదు గదా, మేకు కూడా అమ్మలేవు. తొంగి చూస్తాంటే తోసినావు."

"కట్టుకథ."

"బండ మూసి, బయటికొచ్చి, ముసలాయన్ను లేపి వాచీ చూపిచ్చినావు. ఆయన్ను టీ అంగడికి తోలి, వీధిలో పోతాండే ఆంజినమ్మను పిలిచినావు. నువ్వు బళ్లారిలో ఉండొచ్చు. పుట్టింది మాత్రం ఈడనే. చవుడు లేని బండ నీ కంటికి అమ్మోరు గుళ్లో బొట్టు లేని బోసి మొహంలా కనపడింది. ఎవరైనా చూస్తారని భయపడినావు. అదే నీ తప్పు. పక్కూరోడైతే బండ అట్లే వదిలేసి పోయేవాడు, నేనూ చూడకుండా దిగేవాణ్ణి. ఇంకొక తప్పు. ఆ మూడు గంపలు నువ్వే మోసింటే సాక్షి ఉండేది కాదు. మీ ఇంట్లో నూటపాతికేండ్లుగా ఎవురూ గంప ఎత్తలేదు."

"ఒక కూలిదాని మాట కోర్టులో నిలబడుతుందా?"

"బండ కింద ఉండే మాట నిలబడతాది."

శశికుమార్ మెట్ల వైపు ఒక్క ఉరుకు ఉరికాడు. పైకి వస్తున్న తిప్పేష్ ఎదురుగా గుద్దుకున్నాడు. ఇద్దరూ నాలుగు మెట్లు దొర్లారు. లేచేసరికి బేడీలు పడ్డాయి.

యేసన్న పలుగు నొక్కాడు. ఓబుళేసు చేయి వేశాడు. కుళ్లాయప్ప వేశాడు. ఎస్సై వేశాడు. బండ కదిలి పక్కకు దొర్లింది. లోపలి నుంచి నూరేళ్ల పాత పొట్టు వాసన గుప్పుమని కొట్టింది.

చీకటి. టార్చి వెలుగు కిందికి, ఇంకా కిందికి పోయింది. పొట్టు కుప్ప. ఒక కాలు వంకరగా ఉంది. చేతిలో రాయి ముక్క.

"సరళా!"

కదలిక లేదు.

"సరళా, నేనే. నాయన."

రాయి పట్టుకున్న చేయి పైకి లేచింది. గోడకు ఒకసారి తట్టింది. అంతే. పడిపోయింది.

యేసన్న తాడు పట్టుకుని దిగాడు. 1.25కి ఆమెను పైకి తీశారు. కుడి కాలు విరిగింది. పెదవులు పగిలి నల్లబడ్డాయి. తడిగుడ్డతో పెదవులు తుడిచి, చుక్క చుక్కగా నీళ్లు పిండింది ఆంజినమ్మ. ఎవరూ ఆమెను పిలవలేదు. ఎవరూ వద్దనలేదు. మెట్ల మీద, మిద్దె మీద, పక్క మిద్దెల మీద ఊరంతా నిలబడి ఉంది. 

సరళ కళ్లు తెరవడానికి పది నిమిషాలు పట్టింది. ముందు నాయన ముఖం చూసింది. తర్వాత చుట్టూ ఉన్న ముఖాలు చూసింది. మాట గాలిలా వచ్చింది.

"పైన తొక్కింది ఎవరు?"

జయరాముడు ఆంజినమ్మకు సైగ చేశాడు, ఇప్పుడొద్దని. ఆమె పట్టించుకోలేదు.

"నేనే పాపా."

"నన్ను తీసేదానికే వచ్చినారనుకున్నా. తట్టినా. వినపడలేదా?"

"వినపడె పాపా. బయమై పారిపోతి."

సరళ ఆమెనే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. అర్థం చేసుకోవడానికి ప్రయత్నం ఉంది.

"తర్వాత అరిచినా. తెల్లారేదాకా అరిచినా. ఎవరికీ వినపడలేదా?"

 కుళ్లాయప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు వినపడె తల్లీ" అన్నాడు. "కోడి కూసే పొద్దుకు. చెవుల్లో గుడ్డ పెట్టుకుంటి."

పక్క మిద్దె మీది ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకూ వినపడె. దీపం పెట్టి దండం పెట్టుకుంటి."

ఇంకెవరో అన్నారు, "మా ఇంట్లో అందరమూ విన్నాము." ఇంకొకరు, "పొద్దున ఆరింటికి కూడా." ఒకరి వెనక ఒకరు. వీధి చివరిదాకా.

జయరాముడు తల తిప్పాడు. తిప్పేష్ శశికుమార్ సంకెళ్లు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. 

"సార్" అన్నాడు. "పొద్దున సోదాలో పడమటి గదులు చూసింది నేనే."

"అయితే?"

"ఆఖరి గదిలో గోడ లోపల మూలిగినట్లాయె. బయటికొచ్చి గదిలో ఏమీ లేదని చెప్తి."

యేసన్న కూతురి తల ఒళ్లో పెట్టుకుని అతని యూనిఫాం వైపు చూశాడు.

కింద కణేకల్ డాక్టరు పంపిన అంబులెన్సు హారన్ మోగింది. 

జయరాముడు జేబులోంచి పెన్ను తీశాడు.

"మూలుగు విన్న టైం చెప్పు తిప్పేష్" అన్నాడు. "రాసుకోవల్ల."